గుట్ట మీద మేత

జులై ఏడవ తేదీ, ఉదయం పదకొండు గంటలు. తరిగొప్పులలో మేత భూముల అవగాహన సదస్సు. వేదికపై పశువైద్యురాలు నిఖత్, ఆమె పక్కన తండా మేకల కాపరుల ప్రతినిధి సేవ్యా. ఎదుట తండా మగవాళ్లు.

"రెండేండ్లు గుట్ట మీద మేపకుంటే గడ్డి మళ్ల వస్తది. ఒప్పుకుంటే సంతకం పెట్టన్నా," అంటూ నిఖత్ అంగీకార పత్రాన్ని అతని ముందుకు జరిపింది. "అప్పటిదాక మేకల్ని యాడికి తోలుతవు?"

సేవ్యా తడబడ్డాడు. "జర ఆగుండ్రి మేడం, మా గంగిని అడుగుత."

భార్యకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "తెలుగుల చెప్పు, మేడం ఇంటది."

"గుట్ట గాక ఇంకేడున్నది? చుట్టూత పత్తి చేన్లే," అంది గంగి, మేకల అరుపుల మధ్య. "సంతకం పెట్టకు. మేపేది నేను. మన మేకలెన్నో నీకెర్కనా?"

సభ ఘొల్లున నవ్వింది. "లీడర్ సాబ్‌కు పర్మిషన్ రాలే," అన్నాడెవరో.

సేవ్యా ముఖం నల్లబడింది. ఫోన్ కట్ చేశాడు. "మా ఇంట్ల మాట నాదే," అంటూ సంతకం చేసేశాడు.

వద్దని చెప్పడానికి నిఖత్ నోరు తెరిచింది. కానీ ఆ సంతకం లేనిదే ఆమె పథకం ముందుకు కదలదు. మేపే ఆడవాళ్లంతా గుట్ట మీదుండే వేళకు సభ పెట్టింది కూడా తానే.

"షుక్రియా అన్నా," అని, అతని వంక చూడలేక, కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.