మీ గురించి చెప్పండి

తలుపు తోసుకుని అజయ్ లోపలికి వచ్చాడు. సుమలత తల ఎత్తలేదు. ఈ రోజు కోసం చాలా కాలం ఎదురుచూసింది. ఇంకొంచెంసేపు అతన్ని నిలబెడితే పోయేదేమీ లేదనిపించింది.

కోరుట్లలోని ఆ డిగ్రీ కాలేజీలో అది ప్రిన్సిపాల్ గది. సుమలత పనిచేసే హైదరాబాద్ కంపెనీ యూనివర్సిటీతో ఒప్పందం చేసుకుంది. రేపు ఉద్యోగాలకు వెళ్లే పిల్లలకు నలుగురిలో మాట్లాడడం, ఎదుటివాళ్లు చెప్పేది వినడం, కలిసి పనిచేయడం నేర్పించాలి. అందుకు కాలేజీకొక ట్రైనర్‌ను కంపెనీయే తీసుకుంటుంది. జీతం కూడా కంపెనీదే. మార్చి దాటితే ఉంచుతారో పంపించేస్తారో తెలియని గెస్ట్ లెక్చరర్లకు అది దొరికితే పండగే.

దరఖాస్తుల్లో అజయ్ ఫోటో కనిపించిన రోజే, సుమలత తన డ్యూటీని కరీంనగర్ నుంచి ఇక్కడికి మార్పించుకుంది. పేరు కొట్టేస్తే అక్కడితో అయిపోయేది. కానీ ఆమెకు అతను రావాలి. ఇస్త్రీ బట్టలు వేసుకుని, గుండె దడదడలాడుతుండగా వచ్చి తన ఎదుట కూర్చోవాలి.

"కూర్చోండి. మీ గురించి చెప్పండి."

అజయ్ మొదలుపెట్టాడు. మంచి ఇంగ్లీషు.

ఆరేళ్ల కింద అతనూ ఆ మాటే అడిగాడు. "నీ గురించి చెప్పు" అని. అప్పుడు సుమలతకు డిగ్రీ కొత్తగా అయింది. పొద్దుటి నుంచీ అద్దం ముందు నిలబడి చెప్పుకున్నవన్నీ, ఎదురుగా కుర్చీల్లో అంతమందిని చూసేసరికి ఎగిరిపోయాయి. "నేను డిగ్రీ చేసిన" అని ఆగిపోయింది. చాయ్ కప్పు కింద పెట్టకుండానే, ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడమన్నాడు అజయ్. ఆమెకు రాలేదు. లేచి నడవమన్నాడు. నడక చూస్తే మనిషి ధైర్యం తెలిసిపోతుందట. నడిచింది. అతను పక్కవాడి వైపు వంగి, ఆమెకు వినపడేలాగే అన్నాడు.

"గీమెను తీస్కపోయి నలుగుట్ల ఎట్ల నిలవెడ్తంరా?"

పక్కవాళ్లు నవ్వారు.

కబురు చేస్తామన్నారు. వారం తిరగకముందే చేశారు. కమ్యూనికేషన్ బాగలేదట. ఖాయమైనట్టేనని వాడకట్టంతా చెప్పుకున్న తల్లి సత్యవ్వ, ఆ తర్వాత చాన్నాళ్లు బీడీల కార్ఖానాకు తలొంచుకునే పోయివచ్చింది.

సుమలత హైదరాబాద్ వెళ్లిపోయింది. కాల్ సెంటర్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో తిట్లు తింటూ మాట నేర్చుకుంది. ఎంత నేర్చుకున్నా, ఎవరైనా లేచి నిలబడమంటే చాలు, చెవుల్లో ఆ నవ్వే మోగేది.

"ఒకసారి ఆ తలుపు దాకా నడిచి రండి," అంది అజయ్‌తో.

పక్కన కూర్చున్న సహోద్యోగి సంజీవ్ వింతగా చూశాడు. పొద్దుటి నుంచీ ఎవరినీ నడవమనలేదు.

అజయ్ నడిచాడు. వెనక్కి వచ్చి, కూర్చోవచ్చో లేదో తెలియక కుర్చీ పక్కనే నిలబడ్డాడు. చొక్కా చేతికి గుండీ ఊడిపోయింది. అది కనపడకుండా రెండో చేత్తో పట్టుకున్నాడు. సుమలత మనసు ఎందుకో మెత్తబడింది. ఇక చాల్లే అనుకుంది.

"మీ స్టూడెంట్స్ ఎట్లుంటరు?" అడిగాడు సంజీవ్.

ఆ ప్రశ్నతో అజయ్‌కు ఊపిరి వచ్చింది. నవ్వాడు.

"అంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సార్. నోరే తిరగదు. మొన్నొక అమ్మాయిని లేటెందుకైంది అని అడిగితే ఏమంటుందో తెలుసా?" గొంతు సన్నగా చేశాడు. "బస్సు అస్తలేదు సార్, నడ్సుకుంట అచ్చిన!"

సంజీవ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. అది చూసి అజయ్ మళ్లీ చేసి చూపించాడు, ఈసారి చేతులు కూడా తిప్పుతూ.

"ఎంత దూరం నడిచింది?" అడిగింది సుమలత.

"మేడం?"

"ఆ పిల్ల. ఎక్కడి నుంచి నడుచుకుంటూ వచ్చింది?"

అజయ్ తడబడ్డాడు. "అది... అడగలేదు మేడం."

"సరే. కబురు చేస్తం."

అప్పటిదాకా పుస్తకంలా మాట్లాడిన మనిషి నోట ఆ యాస వినేసరికి అజయ్ చటుక్కున ఆమె ముఖంలోకి చూశాడు. తలుపు దాకా పోయి ఆగాడు.

"మేడం, మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుంది."

"చూసిన్రు," అంది సుమలత. "మస్తుసేపు చూసిన్రు."

అర్థం కాని నవ్వొకటి నవ్వి వెళ్లిపోయాడు.

ట్రైనర్‌గా బుగ్గారం నుంచి వచ్చిన అఖిలను తీసుకున్నారు. సంజీవ్ గొణిగాడు. "ఆమె ఇంగ్లీష్ల రెండు మూడుసార్లు ఆగింది మేడం. అజయ్ గడగడ మాట్లాడిండు."

సుమలత పెన్ను తీసుకుంది. అజయ్ పేరు ఎదురుగా 'కమ్యూనికేషన్ బాగలేదు' అని రాసి సంతకం చేసింది. ఆరేళ్లుగా గొంతులో అడ్డంపడి ఉన్నదేదో దిగిపోయినట్టయింది.

మధ్యాహ్నం సిరిసిల్ల కాలేజీకి బయల్దేరారు. దారిలో సుమలత సొంతూరు రుద్రంగికి కారు చేరేదాకా సంజీవ్ ఓపిక పట్టాడు.

"మేడం, ఆయన మీకు ముందే ఎరుకనా?"

"ఆరేండ్ల కింద నన్ను రిజెక్ట్ చేసిండు."

"ఆయన లెక్చరర్ కద! మిమ్మల్ని ఏ కంపెనీల ఇంటర్వ్యూ చేసిండు?"

"గది ఇంటర్వ్యూ కాదు సంజీవ్," కిటికీలోంచి తన ఇంటి సందును చూస్తూ అంది సుమలత, "పెండ్లిచూపులు."