హూబర్ బిళ్ల

మళ్లీ ఇంకొకడు. కొత్త నీలం యూనిఫారం వేసుకుని పొగాకు కొనుక్కోవడానికి వచ్చాడు. చిల్లరగా ఇచ్చిన రాగి బిళ్లని కస్పర్ డిల్‌మాన్ వైపే తోసేశాడు.

"ఇది కాదు, హూబర్ బిళ్ల ఉంటే ఇవ్వండి డిల్‌మాన్‌గారూ."

డిల్‌మాన్ గల్లాలో వెతికి ఒకటి విసిరేశాడు.

ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలయ్యాక అమెరికాలోని సిన్సినాటిలో సెంటు నాణేలన్నీ జనం దాచేసుకున్నారు. దాంతో కొట్టువాళ్లు ఎవరి పేరుతో వాళ్లు బిళ్లలు కొట్టించి చిల్లర కింద నడుపుతున్నారు. డిల్‌మాన్ బిళ్లకి ఒకవైపు పేరు, ఇంకోవైపు రెక్కలు విప్పిన గద్ద. ఎంతో మోజుపడి చేయించాడు. ఎదురుగా బీరు అమ్ముకునే హూబర్ ఒట్టి పిసినారి. ఒకవైపు తన పేరు కొట్టించి, రెండోవైపు నున్నగా వదిలేశాడు.

అయినా దండులో చేరే కుర్రాళ్లందరికీ ఆ బోడి బిళ్లే కావాలి! పైగా తీసుకున్నవాడు దాన్ని ఖర్చుపెట్టడు కూడా.

"ఆ బీరు పీపా మొహం మీద అంత నమ్మకమేమిటే వీళ్లకి?" అని భార్య దగ్గర గింజుకునేవాడు.

"మీకు కుళ్లు," అనేది ఒట్టీలియా. "ఎందుకో వాళ్లనే అడగరాదూ?"

"వాడి బిళ్ల గురించి నేనడగాలా? చస్తే అడగను."

ఏప్రిల్‌లో కొడుకు వెండెల్ కూడా దండులో చేరాడు. వెళ్లే రోజు డిల్‌మాన్ గుప్పెడు గద్ద బిళ్లలు వాడి జేబులో పోశాడు. వాడు తిన్నగా వీధి దాటి, అందులో ఒకటి ఇచ్చి హూబర్ బిళ్ల తెచ్చుకున్నాడు. కళ్లారా చూశాడు డిల్‌మాన్.

"నా కడుపున పుట్టి, వాడి బిళ్ల పట్టుకుపోతావురా?"

"అది ఖర్చుకి కాదు నాన్నా... అమ్మ ముందు చెప్పలేను."

"ఏం చెప్పక్కర్లేదు. ఆ హూబర్‌నే నాన్నా అని పిలుచుకో, ఫో!"

సాగనంపడానికి రేవుకి కూడా వెళ్లలేదు. తర్వాత వెండెల్ రాసిన మూడు ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబివ్వలేదు. వాడే వచ్చి తప్పయిందని అనాలని పంతం పట్టాడు.

అక్టోబరులో సైన్యం నుంచి ఒక కవరు వచ్చింది. విప్పగానే ఉత్తరంకంటే ముందు బిళ్ల జారి బల్లమీద పడింది. అంచున చిల్లు, చిల్లులో తెగిన తాడు. పైన హూబర్ పేరు.

ఇంటిదాకా వచ్చిందా వీడి పేరు! డిల్‌మాన్‌కి ఒళ్లు మండింది. విసురుగా బిళ్లని తిప్పాడు.

మొహం పోల్చుకోలేని శవమైతే ఎవరిదో తెలియడానికి సిపాయిలు పేరు గీసుకునే ఆ నున్నటి వైపున, చాకుమొనతో చెక్కి ఉంది: "వెండెల్. కస్పర్ డిల్‌మాన్ కొడుకు."