ఓడలో వెళ్లే అల్లుడు

"ఇశాపట్నంలో విమానమెక్కితే రెండు గంటల్లో పోర్ట్‌బ్లెయిర్. అంత దగ్గిర దారికి మూడు రోజులు ఓడలో వాంతులు సేసుకుంటూ పోతావేటి? సిక్కోలు జిల్లాలో నీలాంటి పీనాసోడు ఇంకోడు లేడు" అన్నాడు ఎజ్రా, ప్రయాణమవుతున్న అల్లుడితో.

స్టాన్లీ నవ్వి, పెరట్లోంచి బరువైన గోనెసంచీ దొర్లించుకొచ్చాడు.

"అందులో ఏటున్నాది? బంగారమేటి?"

"అత్త రుబ్బురోలు మావా. ఇంత బరువు విమానంలో ఎక్కనివ్వరు. ఓడైతే పర్లేదు."

భార్య చనిపోయిన నెలకే ఆ రోలుని కోళ్లగూటి వెనక్కి తోసేసింది ఎజ్రాయే.

"అక్కడ మిక్సీలు దొరకవేటి?"

"మిక్సీ ఉన్నాది. మీ అమ్మాయి షీబాకి వాళ్లమ్మ సేతికి అరిగిన రోలే కావాలంట."

"పొత్రం లేని రోలేం సేసుకుంటాది, ఎర్రి అల్లుడూ?"

"ఊరంతా ఎతికాను మావా. దొరకలేదు."

ఎజ్రా లేచి లోపలికెళ్లాడు. ఇన్నేళ్లూ తన గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్న పొత్రాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చి సంచీలో పెట్టాడు. వెనకాల తలుపు గాలికి దభీమని మూసుకుంది.

"వాంతులొస్తే సముద్రంలో సేసుకో" అన్నాడు సంచీ మూతి బిగించి కడుతూ. "దీనిమీద పడిందో, సూడు."