బరువైన చార్జరు

"ఇంకొంచెం బరువుండేది చూపించప్పా," అన్నాడు శంకరనారాయణ.

చింతామణిలో మొబైల్ అంగడి నడిపే నందీశ్ బిత్తరపోయాడు. "చార్జరుకు బరువేంది సార్?"

శంకరనారాయణది పట్టుచీరల వ్యాపారం. చీరను అరచేతిలో తూచి, అంచును వేళ్ళ మధ్య నలిపి నాణ్యం చెప్పేస్తాడు. చార్జర్లనూ అలాగే తూచాడు. వైర్లనూ అలాగే నలిపాడు.

చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండు పొద్దున ఆరిపోయింది. దాని చార్జరు ఇల్లు సర్దడంలో ఎక్కడో పోయింది. ఇల్లు సర్దడమెందుకంటే, మర్నాడు పెళ్ళిచూపులకు బాగేపల్లి నుంచి పెళ్ళికొడుకు వాళ్ళొస్తున్నారు. బెంగళూరు నుంచి కూతురు రక్షిత వస్తోంది. ఆ బ్యాండు ఆమె మొదటి జీతంతో కొనిచ్చింది.

పక్కన టమోటా సంచీతో నిలబడ్డ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"పేరూ ఊరూ లేని ఆ పెద్దది వద్దప్పా. వేడెక్కుతుంది. బ్యాండు కంపెనీవాళ్ళు చెప్పిండే చిన్నదే తీసుకో."

"నీకు టమోటా బరువు తెలుసు. నాకు సరుకు బరువు తెలుసు. ఎవరి పని వాళ్ళు చూసుకుందామప్పా."

ఆయన నొచ్చుకోలేదు. "ఇంత యాతనెందుకు? కొత్త బ్యాండే కొనేస్తే పోలా?"

"కొత్తది మా పాప ఇచ్చింది అవుతుందా? రేపు పాప వచ్చేసరికి ఇది వెలగాల. పొద్దుట్నుంచి అంగళ్ళన్నీ తిరుగుతాండా. పనీ పాటా లేనోళ్ళంతా నాకు బుద్ధి చెప్పేవాళ్ళే!"

ఆయన సంచీ భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

అన్నిటికన్నా బరువైన చార్జరును ఇంట్లో ప్లగ్గుకు పెట్టి, బ్యాండు తగిలించి, కాఫీ తాగుతూ మురిసిపోయాడు శంకరనారాయణ.

"ఏమండీ, నేను పెట్టింది ఇడ్లీ కదా? మాడిన వాసన యాడ నుంచి వస్తాండాది?" అంది భార్య వాసవాంబ వంటింట్లోంచి.

స్విచ్చి కట్టేసేలోపల చార్జరు కరిగి గోడకు అతుక్కుంది. బ్యాండుకు ప్రాణం మిగిలింది గానీ కన్ను తెరవలేదు.

మర్నాడు చొక్కా చేతులు వేళ్ళదాకా దించుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్నా, చేతికేమయింది?" అని రక్షిత లోపల్నుంచి అడుగుతూనే ఉంది.

కారు ఆగింది. ముందు టమోటా సంచీ దిగింది. వెనకాలే ఆ పెద్దమనిషి.

"నిన్న అంగట్లో... మీరా?" అన్నాడు శంకరనారాయణ.

"మా ఆయన అలవాటే అంతప్పా," అంది పెళ్ళికొడుకు తల్లి మొహమాటంగా. "నిన్ననే ఎవరికీ చెప్పకుండా మీ ఊరొచ్చి మీ గురించి విచారించుకుని పోయినాడు. ఏం తేలిందంటే నాకూ చెప్పల్యా."

ఆయన సంచీలో చెయ్యి పెట్టి, టమోటాల నడుమ నుంచి చిన్న చార్జరొకటి తీసి శంకరనారాయణ అరచేతిలో ఉంచాడు.

"పాప బయటికొచ్చే లోపల తగిలించెయ్. బరువు మాత్రం చూడొద్దు, బావా."