ఆఖరి లైను

"బావా, ఏ పాటైనా అరగంటలో రాసిచ్చేవాడివి. ఈ జోలపాటకి ఆరేళ్లేంటి? పొద్దున్నకల్లా ఆఖరి లైను పంపు, రికార్డు చేసేద్దాం," అని ఫోన్ పెట్టేశాడు బాణీ కట్టిన బావమరిది.

కవి కాగితం ముందేసుకున్నాడు. ఆఖరి లైను దొరక్క కాదు, మొదటి ఏడాదే దొరికింది. రాయడానికే చెయ్యి రాలేదు.

అలవాటుగా పాట మొదటినుంచి మెల్లగా పాడుకున్నాడు. లైను చివర ఆగిన ప్రతిసారీ పక్కగదిలోంచి "ఊఁ" అని వినిపించింది. పాప బతికున్నప్పుడూ అంతే. ఏ జోలపాట పాడినా నిద్రపట్టేదాకా ఊఁ కొడుతూనే ఉండేది. ఆరేళ్లుగా ఆ గదికి తాళమే.

ఈ సంగతి భార్యకి ఎన్నడూ చెప్పలేదు. చెబితే తట్టుకోలేదనుకున్నాడు.

ఈసారి గుండె రాయి చేసుకుని ఆఖరి లైను రాసేశాడు. దాని మొదటి మాట అందుకున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు టక్కున ఆగింది. భార్య తడిచేతులతోనే వచ్చి, కాగితం లాక్కుని నలిపేసింది.

"ఇంకా చాలా రోజులు పడుతుందని చెప్పండి మా తమ్ముడికి," అంది గొంతు తగ్గించి.

తాళం వేసిన గదిలోంచి జవాబొచ్చింది.

"ఊఁ."