మెడ కింది ఖాళీ

దర్జీ చొక్కా విప్పి, మడతపెట్టి, కుర్చీ మీద ఉంచి బల్ల ఎక్కాడు. బల్ల మీద పరుపు లేదు. నున్నటి గట్టి పలక. వీపు ఆనగానే ఒళ్ళు జివ్వుమంది.

"ఐసుగడ్డ మీద పడుకున్నట్టుందమ్మా," అన్నాడు.

టెక్నీషియన్ అమ్మాయి నవ్వలేదు. మధ్యలో గుంట ఉన్న గట్టి దిండు ఒకటి అతని తల కింద సర్దుతోంది.

మెదడులో గడ్డలు రెండు. కిరణం సరిగ్గా వాటికే తగలాలంటే తల వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అందుకే ముఖానికి అచ్చు తీసిన మాస్కు తొడిగి బల్లకి బిగిస్తారు. అయినా తల కదులుతూనే ఉంది. నిన్న సగంలోనే మిషను ఆపేశారు. నొప్పి వల్లే ఆ కదలిక అని ఆమెకి తెలుసు. ఆ నొప్పి ఎక్కడో మాత్రం ఇన్నాళ్ళూ ఆమెకి ఎవరూ చెప్పలేదు. మత్తిద్దామంటే గుండె తట్టుకోదట.

ఇవాళ కొత్తగా అచ్చు తీసి, మళ్ళీ స్కాన్ చేయాలి. ఇవాళ కూడా తల నిలవకపోతే రేడియేషన్ ఆపేసి ఇంటి దగ్గరే ఉండటం మంచిదని డాక్టరు దర్జీకి మెల్లగా చెప్పేశాడు. అంత మెల్లగా ఎందుకు చెప్పాడో దర్జీకి అర్థమైంది.

"ముందు పాత మాస్కుతో చూద్దాం బాబాయ్. ఎక్కడ ఇబ్బందిగా ఉన్నా చెప్పండి. మొహమాటపడొద్దు."

ఒంటినిండా చిల్లులున్న ఆ మాస్కుని వేడినీళ్ళలో మెత్తబరిచి ముఖం మీద పరిచింది. తడి తువ్వాలు కప్పినట్టు వెచ్చగా ఉంది. కాసేపటికి చల్లారి బిగిసింది. ఊపిరి మాత్రం ఆడుతోంది.

"మెడ కింద అంతా ఖాళీయేనమ్మా," అన్నాడు పెదవులు కదిలీ కదలకుండా. "తల వెనక్కి వేలాడిపోతోంది. నరాలు లాగేస్తున్నాయి."

ఆమె వంగి చూసింది. ఏళ్ళ తరబడి కుట్టుమిషను మీద వాలి, వీపు గూనిదేలింది. అలాంటి వీపుకి ఈ దిండు ఎత్తు చాలదు. మాస్కు తీసి, ఇంకా ఎత్తయిన దిండు పెట్టి, మళ్ళీ మెత్తబరిచి బిగించింది.

"ఇప్పుడు?"

"మెడ హాయిగా ఉంది. గడ్డం దగ్గరే, చంకలో పట్టేసిన జాకెట్టులా ఉంది. ఒక కుట్టు వదలాలి."

ఈసారి ఆమె నవ్వింది. గడ్డం దగ్గర వేలు పెట్టి కాస్త సాగదీసింది. నడుము లాగుతోందంటే మోకాళ్ళ కింద ఎత్తు పెట్టింది. మడమలు ఒరుసుకుంటున్నాయంటే కింద దూది పరిచింది.

ఇక సరిపోయిందా అని అడిగింది. దర్జీ ఒప్పుకోలేదు. కొన్ని నొప్పులు పడుకోగానే తెలియవని, ఆగి ఆగి మొదలవుతాయని, తనని ఇంకాసేపు అలాగే ఉండనివ్వమని బతిమాలాడు. కళ్ళు మూసుకుని, ఊడిన కుట్టు కోసం బట్టంతా తడిమినట్టు, నెత్తి నుంచి కాలి వేళ్ళదాకా తన ఒళ్ళంతా వెతుక్కున్నాడు. చివరికి కుడి భుజం దొరికింది. నిప్పు పెట్టినట్టు మండుతోంది. ఆమె దుప్పటి మడిచి దాని కింద దోపింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు నిద్దరొస్తోంది."

ఆ మాట అంటూనే, మాస్కు చిల్లుల్లోంచి కన్నీళ్ళు చెవుల వైపు జారాయి. ఆమె కంగారుగా క్లిప్పులు తీసేసింది.

"బిగుసుకుపోయిందా బాబాయ్?"

"లేదు తల్లీ." దర్జీ పైకప్పు వైపే చూస్తున్నాడు. "ఇంతేనా? మెడ కింద జానెడు ఎత్తు లేకనా ఇన్నాళ్ళ నరకం?"

"ముందే తెలిసి ఉంటే..." అంది ఆమె. ఏం పెట్టాలో, ఎక్కడ పెట్టాలో బల్ల అంచున టేపు ముక్కలు అంటించుకుని, కొత్త మాస్కు తీసి వేడినీళ్ళలో వేసింది.

దర్జీ బల్ల దిగి, బయటికి వెళ్ళి, పక్క కుట్టుమిషను మీద తనలాగే అన్నేళ్ళూ వంగి కుట్టిన, మాట పడిపోయి ఏ నొప్పీ చెప్పుకోలేని తన కవల తమ్ముణ్ణి చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, పసిబిడ్డలా ఎత్తి ఆ బల్ల మీద పడుకోబెట్టాడు.