సంతకం పెట్టని మనిషి

"వదినే, ఎనక వరసల కిటికీ కాడ కూసున్నాయనను చూసినవా? రిజిస్టర్ల సంతకం పెట్టుమంటె పెట్టనన్నడు."

క్లబ్బు సెక్రటరీ రాజం ఈ మాట సుసన్నా చెవిలో వేసి వెళ్ళాడు. ఆమె మెల్లగా తల తిప్పి చూసింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, జేబులో పెన్ను, ఒళ్ళో చిన్న డైరీ. చనిపోయిన తన భర్త పేరున జరిగే కచేరీకి ఇంత ముస్తాబై రావడమేమిటో!

వేదిక మీద బ్యానరు వేలాడుతోంది. 'గిటార్ మొగిలి సంస్మరణ కచేరీ, గోదావరిఖని, 1974'. దాని కింద దండ వేసిన ఫోటో, కుర్చీలో ఆయన గిటారు.

మొగిలి గిటారును అందరిలా పట్టుకునేవాడు కాదు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు ముక్క జార్చేవాడు. ఆ ముక్క కూడా వర్క్‌షాపులో పారేసిన బేరింగులోదే. షిఫ్టు దిగి స్నానం చేసి ఆయన వాయించడానికి కూర్చుంటే బసంత్‌నగర్ నుంచి కూడా జనం సైకిళ్ళ మీద వచ్చేవారు. ఈ బొగ్గు ఊళ్ళలో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు.

సుసన్నా భయమంతా ఆ పేరు గురించే. ఆయన అసలు పేరు యోబు. పదమూడేళ్ళ కిందట మొగిలి అనే మరొకరి పేరున వచ్చిన ఉద్యోగం ఆర్డరు పట్టుకుని బొగ్గు బాయిలో చేరాడు. ఆ మొగిలి డ్యూటీ ఎక్కకముందే జ్వరమొచ్చి చచ్చిపోయాడని, ఇక ఫికర్ లేదని చేరిననాడే ఆమెకు చెప్పాడు. చర్చిలో యోబు అని పిలిస్తే, అది బాప్తిస్మం పేరు కాబోలని బాయిలోవాళ్ళు అనుకున్నారు. అలా గడిచిపోయింది.

ఇప్పుడు ఆ ఉద్యోగం కొడుకు మత్తయికి రావాలి. సోమవారం ఆర్డరిస్తామన్నారు. ఇంతలో ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారని, విచారణకు మనిషి వస్తాడని ఆఫీసులో గుసగుసలు. ఇవాళ శనివారం. ఆ మనిషి రానే వచ్చాడు.

శిష్యుడు పోశం వాయించడం మొదలుపెట్టాడు. గురువు చేతి జారుడు అచ్చంగా వచ్చింది. అయినా సుసన్నా చెవులకు ఏదీ ఎక్కలేదు. మైకులో "మన మొగిలి" అన్నప్పుడల్లా ఆ మనిషి ఉలిక్కిపడి నిటారుగా కూర్చుంటున్నాడు. పాట అయిపోయి హాలంతా చప్పట్లు కొడితే తను మాత్రం కొట్టలేదు. లేచి నిలబడి జనానికి రెండు చేతులూ జోడించాడు. వెటకారం కాకపోతే ఏమిటది? ఆమెకు ఒళ్ళు మండింది.

విరామంలో చాయ్ గ్లాసు తీసుకుని తనే అతని దగ్గరికి వెళ్ళింది.

"ఛా తాగుండ్రి సారూ. యాడికెంచి వచ్చిన్రు?"

"కరీంనగర్. మొన్న పెద్దపల్లి బస్టాండుల పోస్టర్ చూసిన. నువ్వు ఆయన భార్యవా, చెల్లె?"

ఆమె తలూపింది.

"బాయిల ఎన్నేండ్లు చేసిండు?"

"పదమూడు."

"నాగాలు గిట్ల పెట్టేటోడా?"

"ఎన్నడు పెట్టలే."

"తాగి కొట్లాడుడు, పోలీసు కేసులు? ఆయన పేరు చెప్తె తిట్టుకునేటోళ్ళు ఎవలన్న ఉన్నరా?"

"ఈ హాలుల ఎవలనన్న అడుగుండ్రి. ఆ పేరుకు మచ్చ లేదు."

అతను డైరీ తెరిచి రాసుకున్నాడు. ఆ పెన్ను కదులుతుంటే సుసన్నాకు కొడుకు అన్నం మీద గీత గీస్తున్నట్టే ఉంది.

"మీరెన్నడన్న బాయి దిగిన్రా సారూ? కూసోని రాసుకునుడు అల్కనే."

అతను నొచ్చుకోలేదు. "ఒక్కపారి దిగిన. ఇరువై అడుగులు గూడ పోలే. చీకటికి పాణం ఆగలే, ఎనకకు ఉరికొచ్చిన."

ఆఫీసువాళ్ళ ధైర్యం అంతేలే అనుకుందామె. కానీ కోపంతో పని జరగదు. గొంతు తగ్గించింది.

"సారూ, సోమారం మా పిలగానికి ఆర్డర్ ఇస్తరట. వాని నోటికాడి బుక్క గుంజకుండ్రి. మీకు దండం పెడుత."

 అప్పుడుగానీ ఆమె దేనికి భయపడుతోందో అతనికి అర్థం కాలేదు. చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి, డైరీలో రాసిన కాగితం చింపి ఆమెకు చూపించాడు. 'పదమూడేండ్లు. నాగా లేదు. కేసు లేదు. మచ్చ లేదు.' అంతే ఉంది.

"నేను గీడికి రానేలేదనుకో, చెల్లె. అందుకే రిజిస్టర్ల సంతకం పెట్టలే. సోమారం నీ కొడుకు ఆర్డర్ తీసుకుంటడు."

"మరి ఇదంత ఎందుకు రాసుకున్నరు?"

"మా అవ్వకు సదివి చెప్పాలె. పోస్టర్ సంగతి చెప్పినకాడికెంచి ఆమెకు నిద్ర లేదు. ఎట్ల బతికిండో తెలుసుకొని రమ్మన్నది."

కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.  విచారణకు వచ్చినవాడు ఏడవడం సుసన్నా ఎక్కడా వినలేదు.

"మీ అవ్వకు మా ఆయనతోని ఏం పని? మీరెవలు, అన్నా? పేరన్న చెప్పలే."

అతను వేదిక వైపు తలెత్తాడు.

"గా బ్యానర్ మీద రాసిందే, చెల్లె."